సాహసం శాయరా డింభకా: ఈ మూడు మాటల గురించి

పొద్దున మన గుంపులో ఒకరు పాతాళభైరవి సినిమా క్లిప్ పెట్టి కింద "సాహసం చేయరా డింభకా" అని రాశారు. ఇంకొకరు వెంటనే "సేయరా" అని దిద్దారు. మరొకాయన వచ్చి, శాయరా అన్నది ఎస్వీ రంగారావు మాంత్రికుడి వేషం కోసం కావాలని వంకరగా పలికిన మాట, అసలు తెలుగులో అలాంటిది లేదు అన్నారు. కామెంట్‌లో రాస్తే సరిపోదనిపించి విడిగా రాస్తున్నాను, కాస్త పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

శాయరా తెలుగే అండీ. మా తాతగారి ట్రంకుపెట్టెలో పాత అప్పుపత్రం ఒకటి ఉండేది, మడతల దగ్గర చిరిగిపోయి, సిరా గోధుమరంగుకి తిరిగిపోయి. అందులో "వాయిదాకు చెల్లు శాయగలవాడను" అని ఉండేది. చిన్నప్పుడు అది చూసి రాసినాయనకి చదువు రాదేమో అనుకున్నాను. తర్వాత పాత ఉత్తరాలూ దస్తావేజులూ చదవడం అలవాటయ్యాక తెలిసింది, శాయడం, శాయవలెను, దయశాయండి అన్నవి అప్పట్లో చదువుకున్నవాళ్లు మామూలుగా రాసుకున్న మాటలేనని.

ఎందుకలా రాశారో తెలియాలంటే ఒకసారి "మేకు" అని, వెంటనే "మేక" అని పైకి అనండి. రెండిటికీ రాసేది ఒకటే ఏత్వం, కానీ మేక అన్నప్పుడు నోరు ఇంకా తెరుచుకుంటుంది. పక్కనున్న అకారం ఆ ఏ ని కిందికి లాగుతుంది. చేసి, చేయ అన్నా అంతే, మొదటిదాంట్లో నోరు తెరుచుకోదు, రెండోదాంట్లో తెరుచుకుంటుంది. ఆ శబ్దానికి మనకి విడిగా అక్షరం లేదు కాబట్టి కొందరు ఏత్వమే ఉంచారు, కొందరు చెవికి దగ్గరగా ఉందని దీర్ఘం పెట్టి శాయ అని రాశారు. సేయరా అన్నవారిదీ తప్పు కాదు, సాహసము పక్కన చేయరా వస్తే గసడదవాదేశంతో (రెండో మాట మొదట్లో ఉన్న క చ ట త ప లు గ స డ ద వ లుగా మారే సంధి అది) చ కాస్తా స అవుతుంది, పద్యాల్లో బోలెడన్నిసార్లు చూసిందే. కాకపోతే సేయ పుస్తకంలో మాట, శాయ నోట్లో మాట. మాటలు రాసిన పింగళి నాగేంద్రరావు గారు నాటకాల నుంచి వచ్చినవారు, నటుడి నోట్లో ఏది బాగా పలుకుతుందో ఆయనకి తెలుసు. అదే మాంత్రికుడు "జనం కోరేది మనం శాయడమా" అన్నప్పుడూ ఆ మాటే వాడాడు, అంటే ఇది ఎక్కడో ఒకచోట నోరు జారి వచ్చింది కాదు.

ఇక డింభకా. దీన్ని తిట్టుగా వాడేస్తున్నాం, ఆఫీసులో తప్పు చేసినవాణ్ణి "ఓరి డింభకా" అనేస్తాం. అమరకోశమనే పాత సంస్కృత నిఘంటువులో "పోతః పాకోఽర్భకో డింభః పృథుకః శావకః శిశుః" అని వరసగా ఉంది, అన్నీ పసిపిల్లకి పేర్లే. సరే, సంస్కృతం పక్కన పెట్టండి, తెలుగువాళ్ల చెవిలో ఈ మాటని నాటింది పోతన.

డింభక సర్వస్థలముల
నంభోరుహనేత్రుఁ డుండు ననుచు మిగుల సం
రంభంబునఁ బలికెద వీ
స్తంభంబునఁ జూపఁగలవె చక్రిన్ గిక్రిన్

హిరణ్యకశిపుడు కొడుకు ప్రహ్లాదుణ్ణి పిలిచి, విష్ణువు అన్నిచోట్లా ఉన్నాడంటావే, ఈ స్తంభంలో చూపించగలవా అంటున్నాడు. కందపద్యం కదా, ప్రాస చూడండి: డింభ, నంభ, రంభ, స్తంభ. బద్దలు కాబోయే స్తంభానికి ప్రాస కలిసేలా మొదటి మాటే డింభక పడింది. నాకు ఈ పద్యంలో అన్నిటికంటే ఇష్టమైనది ఇదే. పిలుపు పసివాణ్ణి పిలిచే పిలుపు, గొంతులో మాత్రం చంపేంత కోపం.

ఇప్పుడు 1951కి, పాతాళభైరవి వచ్చిన ఏడాదికి రండి. ఉజ్జయినిలో తోటమాలి కొడుకు రాముడు, రాజకుమారి మీద మనసు పడ్డాడు. రాజుగారేమో తనంతటి ఐశ్వర్యం తెస్తేనే పిల్లనిస్తానన్నాడు. నేపాళ మాంత్రికుడికి పాతాళభైరవికి బలివ్వడానికి సర్వలక్షణాలూ ఉన్న సాహసవంతుడు కావాలి. వాడు రాముణ్ణి పిలిచిన పిలుపు డింభకా. పైకి పెద్దవాడు పిల్లాడికి ధైర్యం చెప్పినట్టుంటుంది, లోపల బలి. హిరణ్యకశిపుడి నోట్లో ఉన్న ఆ రెండంచులూ ఇక్కడా ఉన్నాయి. వెధవా అనో మూర్ఖుడా అనో రాసి ఉంటే ఆ ఎర ఎక్కడిది? రాముడు వెంట నడిచేవాడే కాదు. తర్వాత 1967లో వచ్చిన భక్త ప్రహ్లాదలో హిరణ్యకశిపుడు కూడా రంగారావు గారే కావడం నాకెప్పుడూ ఒళ్లు జలదరించే విషయం.

పద్యం చివర "చక్రిన్ గిక్రిన్" వదిలిపెట్టలేకపోతున్నాను. పులీ గిలీ, పుస్తకం గిస్తకం అని మనం ఇంట్లో అనే గి అది. పింగళి గారే 1957లో మాయాబజార్‌కి రాసినప్పుడు కంబళిని గింబళి, తల్పాన్ని గిల్పం చేశారు. పోతన విష్ణువుని ఎగతాళి చేయించడానికి వాడిన గి, అక్కడ రాక్షసులు మాయతో సృష్టించిన సామాన్లకి పేరైపోయింది.

మధ్యాహ్నం వచ్చిన ప్రశ్న: సంస్కృత నిఘంటువుల్లో డింభకి మూర్ఖుడనే అర్థం కూడా ఉంది కదా అని. ఉందండీ, కాదనను. పిల్లవాడు, ఏమీ తెలియనివాడు, తెలివితక్కువవాడు, అర్థం ఇలా జారడం చాలా మాటలకి జరిగేదే. అదే అమరకోశం పంక్తిలో ఉన్న అర్భకుణ్ణి చూడండి, వాడూ పసివాడే, ఇవాళ అర్భకుడంటే బక్కపలచగా, బలం లేకుండా ఉన్నవాడు. కాబట్టి ఇప్పుడు డింభకుడు అంటే తెలివితక్కువవాడు అని ఎవరైనా వాడితే నేను తప్పు పట్టను. ఆ సినిమా డైలాగుకి మాత్రం ఆ అర్థం అంటగట్టొద్దని నా మనవి, అలాగే దాన్ని రాసేటప్పుడు శాయరా అనే ఉంచండి, దిద్దకండి.

ఆ అప్పుపత్రం ఇప్పుడు మా తమ్ముడి దగ్గర ఉంది. ఫోటో తీసి పంపమన్నాను, రాగానే కింద పెడతాను, ఆ "శాయగలవాడను" మీరే చదువుకోవచ్చు.