హైవే 16 ఈ చివర నుంచి ఆ చివర దాకా సరదాకి తోలడం: పనికొచ్చే పనేనా, పెట్రోలు దండగా?

కావలి కుర్రోడు:
అన్నలూ అక్కలూ, మా ఊరి మీదగానే పోతది ఈ రోడ్డు, 2010లో నంబర్లు మార్చి 16 చేశారు గానీ మా ఇంట్లో ఇప్పటికీ అయిదో నంబరు రోడ్డనే అంటాం. పుట్టినకాడ్నుంచి చూస్తా ఉండా, కానీ ఇటు చెన్నై అటు విజయవాడ దాటి పోయింది లేదు. చెన్నై నుంచి కోల్‌కతా పక్కన డంకుని దాకా 1,711 కిలోమీటర్లు, నేనూ మా బావా కార్లో మొత్తం తోలదామనుకుంటుండాం. పనేం లేదు, చూడాలని అంతే. మా నాయన మాత్రం డబ్బులెక్కువయినాయా అంటుండాడు. మీరేమంటారు?

ఒంగోలు లారీ ఇల్లు:
తమ్ముడూ, వద్దు. మా నాన్న చీమకుర్తి గ్రానైటు రాళ్ళేసుకుని ఏళ్ళ తరబడి ఈ రోడ్డు మీదే తోలాడు, ఆయన బండెక్కిన ప్రతి రాత్రీ మా అమ్మ నిద్రపోయేది కాదు. యూటర్ను దూరమని ఎదురొచ్చే బైకులు, వెనక లైటు లేకుండా పక్కన ఆపేసిన లారీలు, ఊరు రెండు ముక్కలయితే ఈ పక్క ఇల్లు ఆ పక్క చేను ఉన్నోళ్ళు గడ్డిమోపుతో అడ్డం వస్తారు, వాళ్ళ తప్పు కాదది. అట్టాంటి చోట సరదా ఏంది? చూడాలంటే రైలెక్కు, ఒడిశాలో చిలక సరస్సు రైల్లోంచీ కనపడద్ది.

గూడూరు అక్క:
కనపడద్ది, కానీ ఆగదు కదా. మేం కార్లో భువనేశ్వర్ పోయినప్పుడు ఆ సరస్సు ఒడ్డున రంభ అనే ఊరి దగ్గర దిగి నీళ్ళ పక్కన గంటసేపు కూర్చున్నాం, బరంపురంలో టిఫిన్ కాడ తెలుగులోనే మాట్లాడారు, నాకు ప్రాణం లేచొచ్చింది. ఇచ్ఛాపురం నుంచి తడ దాకా ఇంచుమించు వెయ్యి కిలోమీటర్లు మన రాష్ట్రమే, అదంతా ఒక్కసారి కూడా చూడకుండా ఉండటం నాకు బాధగా ఉంటది. పోనీయండి పిల్లోళ్ళని.

ఒంగోలు లారీ ఇల్లు:
అక్కా, చూడొద్దనట్లా. 2021 నవంబర్‌లో పెన్న పొంగి నెల్లూరు పక్కన పడుగుపాడు కాడ రోడ్డు కోసుకుపోయినప్పుడు బండ్లు బారులు తీరి ఆగిపోయినాయి, ఈ రోడ్డు మీద ఎంతమంది కూడు ఉందో అప్పుడు తెలిసింది నాకు. దాని మీద తోలేవాడు ఆ ఎరుకతో తోలాల, ఎన్ని గంటల్లో కొట్టామని స్టేటస్ పెట్టుకోడానికైతే మాత్రం నేను ఒప్పుకోను. రాత్రి రెండు నుంచి అయిదు మధ్య ఎంత తోలగలిగినోడికైనా కన్ను మూతపడద్ది, మా నాన్న చెప్పే మాట ఇదొక్కటే.

కావలి కుర్రోడు:
అన్నా, నిజం చెప్తుండా, రెండ్రోజుల్లో కొట్టేద్దామనే అనుకున్నాం. ఇప్పుడు మార్చుకుంటుండాం, పొద్దుగూకితే ఎక్కడున్నా ఆగిపోతాం, ఎన్ని రోజులైతే అన్ని రోజులు. కానీ మానుకోను, ఆ రోడ్డు చివర ఏముందో చూడాల నేను.

ఒంగోలు లారీ ఇల్లు:
అట్టయితే పో. ఒంగోలు మీదగా పోయేటప్పుడు ఇంటికి రండి ఇద్దరూ, భోంచేసి పోదురు, ఎక్కడెక్కడ ఆగాలో మా నాన్న చేత చెప్పిస్తా. స్టెప్నీలో గాలి చూపించుకో ముందు.