వాకిలి మీద పడ్డ వాన నీళ్లు బోరులోకి వదలొచ్చా?

ప్రశ్న:
మా ఇంటి చుట్టూ మొత్తం సిమెంటు గచ్చే. వాన పడితే డాబా నీళ్లూ వాకిలి నీళ్లూ కలిసి రోడ్డు పక్క కాలవలోకి, అక్కణ్ణుంచి నేరుగా చెరువులోకి పోతాయి. తొలి వానకే చెరువు మీద నూనె తెట్టు కడుతోంది. ఈ నీళ్లన్నీ ఎండిపోయిన పాత బోరులోకి మళ్లిస్తే రెండిందాలా లాభమే కదా? ఎవరైనా చేశారా?

జవాబు 1:
వాకిలి నీళ్లు మాత్రం బోరులోకి వద్దండి. కాలవల పూడిక తీయించే పనిలో ఉన్నవాణ్ణి, వాటిలో ఏం పేరుకుంటుందో తెలుసు. ఇంజిన్ ఆయిల్, టైర్ల పొడి, బ్రేకుల నుంచి రాలే రాగి, కుక్కల మలం, మొక్కలకు చల్లిన ఎరువు. ఇవన్నీ మట్టి పొరల్లో వడకట్టుకోకుండా బోరు గుండా దిగితే చుట్టుపక్కల తాగే నీళ్లే పాడవుతాయి. చెరువు పచ్చబడితే కంటికి కనిపిస్తుంది, భూగర్భ జలం చెడితే అదీ తెలియదు.

డాబా నీళ్ల సంగతి వేరు. 100 చదరపు మీటర్ల డాబా మీద 1 మిల్లీమీటరు వానకి 100 లీటర్లు వస్తాయి. దుమ్మూ పక్షి రెట్టలూ కొట్టుకొచ్చే మొదటి నీళ్లను పక్కకు వదిలి, మిగతావి ట్యాంకులో పట్టుకోండి.

వాకిలి నీళ్లకు మట్టే కావాలి. ఒక మూల గచ్చు పగలగొట్టి జానెడు లోతు పల్లం చేసి, తడికీ ఎండకీ తట్టుకునే మొక్కలు వేయండి. పునాదికి కనీసం 3 మీటర్ల దూరం ఉండాలి. ముందు అక్కడే గుంత తవ్వి నీళ్లు పోసి చూడండి. మర్నాటికీ ఇంకకపోతే బంకమట్టి అన్నమాట, మరో చోటు వెతకాలి. పెద్ద వానకి పొంగే నీళ్లు కాలవలోకి పోయే దారి ఉంచండి.

జవాబు 2:
నీళ్లు నిలిస్తే దోమలు రావా? మాకు అదే టెన్షన్.

జవాబు 1:
రెండు రోజుల్లో ఇంకిపోతే రావండి. గుడ్డు దోమగా మారడానికి సుమారు వారం పడుతుంది. దోమల భయమైతే మూత లేని ట్యాంకుకే ఎక్కువ.

ప్రశ్న అడిగినవారు:
సరేనండి, బోరు ఆలోచన మానేశాను. కానీ ఖాళీ ఉన్నది గేటు పక్కనే, మంచినీళ్ల పైపు కూడా అటే వెళ్తుంది.

జవాబు 1:
అయితే అక్కడ తవ్వకండి. గచ్చు వాలు ఎటుందో చూసి, రెండో వైపు మూలకి మళ్లించండి.