మూడు ప్లాంట్లకు ఒకటే ఎంఈఎస్ ఉంది, సర్వీసులుగా విడగొట్టాలంటే ఎక్కడ కోయాలి?

జీడిమెట్ల కుర్రాడు:
అందరికీ నమస్తే. మాది ఆటో విడిభాగాల కంపెనీ. జీడిమెట్లలో మెషినింగ్, శ్రీసిటీలో అసెంబ్లీ, పుణె దగ్గర చాకన్‌లో ఫైనల్ టెస్టింగ్. మూడింటికీ కలిపి ఒకటే ఎంఈఎస్ (ఏ ఆర్డర్ ఎక్కడ నడుస్తోంది, ఏ పార్ట్ తయారైంది అని రాసుకునే ఉత్పత్తి సాఫ్ట్‌వేర్), హైదరాబాద్ సర్వర్‌లో ఉంటుంది, డేటాబేస్ కూడా ఒక్కటే. లింక్ పడిపోయిందంటే శ్రీసిటీ ఆపరేటర్లు కాగితం మీద రాసుకుని తర్వాత ఎక్కిస్తారు, అప్పుడు సీరియల్ నంబర్లు తారుమారవుతాయి, ఆడిట్ వచ్చినప్పుడల్లా టెన్షన్. ఇప్పుడు కన్సల్టెంట్ ఒకాయన దీన్ని ఆర్డర్ సర్వీస్, క్వాలిటీ సర్వీస్, స్టాక్ సర్వీస్ అంటూ విడివిడిగా నడిచే ఇరవైకి పైగా ముక్కలు చేసి క్లౌడ్‌లో పెడదామంటున్నారు. డెవలపర్లం నలుగురమే. మెషీన్లు కంప్యూటర్‌తో మాట్లాడే ప్రోటోకాల్స్ కూడా రకరకాలు: పాతవి మోడ్‌బస్, కొన్ని పాత ఓపీసీ, కొత్త లైన్ ఒక్కటే ఓపీసీ యూఏ. ఇలాంటి పని చేసినవాళ్లుంటే ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పండి.

షాప్‌ఫ్లోర్ శీను:
ఆ కన్సల్టెంట్ ప్లాన్ పక్కన పెట్టెయ్ తమ్ముడూ. ఇరవై ముక్కలైనా, నలభై అయినా అన్నీ క్లౌడ్‌లోనే ఉంటే లింక్ పడిపోయినప్పుడు లైన్ ఆగక మానదు, పైగా ఏ ముక్క దగ్గర ఆగిందో వెతుక్కోవాలి. మొదటి కోత ప్లాంట్ల మధ్య పడాలి. ఒక్కో ప్లాంట్‌లో ఒక చిన్న సర్వర్, దాని మీద ఆ ప్లాంట్ ఆర్డర్లు, ఆ ప్లాంట్ స్టాక్, ఆ ప్లాంట్ క్వాలిటీ. బయట నెట్ లేకపోయినా షిఫ్ట్ మొత్తం నడవాలి. హైదరాబాద్‌కు వెళ్లేవి జరిగిన సంగతులు మాత్రమే: ఈ పార్ట్ తయారైంది, ఈ లాట్ రిజెక్ట్ అయింది. లింక్ లేకపోతే అవి లోకల్‌గా క్యూలో ఉండి, వచ్చాక వెళ్తాయి. దీనికి ఎంక్యూటీటీ అనే తేలికపాటి మెసేజింగ్ ప్రోటోకాల్ సరిపోతుంది, అసలు 1999లో అది పుట్టిందే చమురు పైప్‌లైన్ల డేటాను శాటిలైట్ లింక్ మీద పంపడానికి. ఒకటి గుర్తుపెట్టుకో, అందులో క్యూఓఎస్ 1 (కనీసం ఒక్కసారైనా చేరేలా పంపే పద్ధతి) పెడితే ఒకే మెసేజ్ రెండుసార్లు రావచ్చు. ప్రతి మెసేజ్‌కీ పంపేచోటే ఒక ఐడీ ఇచ్చి, అందుకునేవాడు ఆ ఐడీ ముందే చూశాడా లేదా అని సరిచూసుకోకపోతే స్టాక్ డబుల్ అవుతుంది.

స్కాన్ టైమ్:
నేను పీఎల్‌సీ (మెషీన్‌ను నేరుగా నడిపే కంట్రోలర్) మనిషిని, నా వైపు నుంచి ఒక్క మాట. ఇంటర్‌లాకులు (తలుపు తెరిచి ఉంటే మెషీన్ కదలకుండా ఆపేలాంటివి), సేఫ్టీ, మిల్లీసెకన్లలో జరిగే ఏ పనీ సర్వీసుల్లోకి లాగొద్దు, అవి పీఎల్‌సీలోనే ఉండాలి. యూరప్‌లో సోక్రేడీస్ పరిశోధన ప్రాజెక్టు 2006-2009 మధ్య డీపీడబ్ల్యూఎస్ అనే ప్రమాణంతో పరికరాల్లోనే వెబ్ సర్వీసులు పెట్టి చూసింది. ఆలోచన మంచిదే, కానీ చిన్న కంట్రోలర్‌కు ఎక్స్‌ఎంఎల్ అనే పొడవైన టెక్స్ట్ రూపంలో మెసేజ్‌లు మోయడం బరువు. పరికరమే తను చేయగల పనులను బయటకు చెప్పడమనే ఆ పద్ధతి ఇప్పుడు ఓపీసీ యూఏలో దొరుకుతుంది, బైనరీలో, 4840 పోర్టు మీద.

మీ పాత ఓపీసీ మాత్రం డీకామ్ (విండోస్ ప్రోగ్రాములు నెట్‌వర్క్ మీద మాట్లాడుకునే మైక్రోసాఫ్ట్ పాత పద్ధతి) మీద నడుస్తుంది కదా, దాన్ని ముందు చూడండి. విండోస్‌లో డీకామ్ భద్రతను మైక్రోసాఫ్ట్ బిగించేసింది, 2023 మార్చి అప్‌డేట్ నుంచి ఆ బిగింపును ఆపే వీలు కూడా లేదు. ఓపీసీ సర్వర్ ఉన్న మెషీన్ మీదే యూఏ గేట్‌వే (పాత ప్రోటోకాల్‌ను ఓపీసీ యూఏలోకి మార్చే ప్రోగ్రామ్) పెట్టేస్తే నెట్‌వర్క్ మీద డీకామ్ గొడవే ఉండదు.

మోడ్‌బస్ 1979 నాటిది, రిజిస్టర్ (మెషీన్‌లో విలువ ఉండే గడి) 40012 అంటే ఏంటో దానికే తెలీదు, ఆ మెషీన్ పెట్టినవాడికి తెలుసు, ఆయన రిటైర్ అయి ఉంటాడు. గేట్‌వేలో దానికి పేరు పెట్టి, పై సర్వీసులు ‘జాబ్ మొదలుపెట్టు’ అని మాత్రమే అడిగేలా చేయండి. రిజిస్టర్ నంబర్ ఎంఈఎస్ కోడ్‌లో కనిపించిందంటే మీరు విడగొట్టింది పేరుకే.

రాత్రి షిఫ్ట్:
శీను గారి మాట సబబే కానీ మూడు చోట్ల మూడు సర్వర్లను చూసుకునేది ఆ నలుగురే అన్న సంగతి ఆయన వదిలేశారు. ప్లాంట్ లోపల మళ్లీ ముక్కలు చేయొద్దండీ, ఒకటే అప్లికేషన్, ఒకటే బిల్డ్, మూడు చోట్లా అదే, తేడాలన్నీ కాన్ఫిగరేషన్‌లో. ఒక ప్లాంట్ అప్‌డేట్ అయి ఇంకోటి కాకుండా వారాల తరబడి ఉంటుంది కాబట్టి మెసేజ్‌లలో కొత్త ఫీల్డ్ చేర్చవచ్చు గానీ పాతది తీసేయడం, అర్థం మార్చడం కుదరదు.

విడిగా సర్వీస్ పెట్టాల్సింది ఒక్కటే, ట్రేసబిలిటీ, అంటే ఏ పార్ట్ ఎక్కడ ఎలా తయారైందో వెనక్కి వెళ్లి చూసుకోవడం. పార్ట్ మూడు ఊళ్లు తిరుగుతుంది కాబట్టి దాని చరిత్ర ఏ ఒక్క ప్లాంట్ సొత్తూ కాదు.

జీడిమెట్ల కుర్రాడు:
థాంక్స్ అన్నా, అందరికీ. ఒక డౌట్. జీడిమెట్ల లింక్ పడిపోయి ఉండగా లారీ శ్రీసిటీ చేరిపోతే? పార్టులు వచ్చేస్తాయి, వాటి డేటా ఇంకా ఇక్కడే క్యూలో ఉంటుంది.

రాత్రి షిఫ్ట్:
అది జరిగి తీరుతుంది. బిన్ మీద అతికించే క్యూఆర్ లేబుల్‌లోనే లాట్ నంబర్, సీరియల్ నంబర్ల రేంజ్, ఇన్‌స్పెక్షన్ ఫలితం పెట్టండి. శ్రీసిటీ స్కాన్ చేసి ‘ధ్రువీకరణ పెండింగ్’ అని లోపలికి తీసుకుంటుంది, అసలు రికార్డు వచ్చాక సరిపోల్చుకుంటుంది. తేడా వస్తే ఆ లాట్‌ను హోల్డ్‌లో పెట్టాలి, అంతే గానీ లైన్ మొత్తం ఆపనక్కర్లేదు.

స్కాన్ టైమ్:
ఇంకోటి, మూడు ప్లాంట్ల సర్వర్లకూ ఎన్‌టీపీ (గడియారాలన్నీ ఒకే టైమ్ చూపేలా చేసేది) పెట్టారా? లేకపోతే టెస్టింగ్ అయ్యాక మెషినింగ్ జరిగినట్టు రికార్డులో పడుతుంది, దాన్ని ఆడిటర్‌కు ఏమని చెప్తారు?