విశాఖ లోపలి రేవులో బొగ్గు ఇంకా ఎందుకు?

పాతఊరు: విశాఖ లోపలి రేవులో దించే బొగ్గు, ఖనిజం గంగవరం రేవు వంటి చోటికి తరలించాలి. ఊరి నడిబొడ్డున, కురుపాం మార్కెట్‌కు కూతవేటు దూరంలో ఈ ధూళి సరకు అవసరం లేదు. మా అమ్మకు ఉబ్బసం. గాలి ఇటు తిరిగిన రోజు కిటికీలు తెరవము. రెండుసార్లు అర్జీ పెట్టాము, జవాబు లేదు.

రేవుమనిషి: మా తాత కాలం నుంచి మాకు ఈ రేవే అన్నం పెట్టింది. 1933లో రేవు వచ్చింది, ఆ తరువాతే ఊరు పెరిగింది. రేవు పక్కన ఇల్లు కట్టుకుని రేవును పొమ్మంటారా?

పాతఊరు: ఊరే ముందు. ఆంగ్లేయుల కంపెనీ 17వ శతాబ్దంలోనే ఇక్కడ స్థావరం పెట్టింది. అప్పుడు ఓడలు సముద్రంలోనే ఆగేవి, పడవలు సరకు తెచ్చేవి. మీ రేవు ఉన్నచోట బురద, ఉప్పుటేరు తప్ప ఏముంది?

లంగరు: తేదీ విషయంలో ఒక మాట. అక్టోబరు 7న రేవులోకి తొలి ఓడగా జలదుర్గ వచ్చింది, డిసెంబరు 19న వైస్రాయ్ విల్లింగ్డన్ రేవును లాంఛనంగా ప్రారంభించారు. రెండూ 1933లోనే.

రేవుమనిషి: ఆ బురదను తవ్వింది ఎందుకు? మధ్య పరగణాల (అప్పటి సెంట్రల్ ప్రావిన్సెస్) మాంగనీసు ఖనిజం కోసం. రాయపూర్ నుంచి విజయనగరానికి రైలు దారి వేసిందీ అందుకే. ఇసుక మేట వేయకుండా జానస్, వెల్లెస్‌డన్ అనే రెండు పాత ఓడలను ముంచి అడ్డుకట్ట కట్టారు. ఖనిజం కోసం పుట్టిన రేవులో ఖనిజం ఉండకూడదా?

లంగరు: 1976 నుంచి సముద్రం వైపు బయటి హార్బరు ఉంది కదా. పెద్ద ఓడలు అక్కడికే వస్తాయి.

పాతఊరు: అదే నేనూ అడుగుతున్నాను. ఎవరి కోసం పుట్టిందన్నది కాదు, ఇప్పుడు ఎవరి ఊపిరితిత్తుల్లోకి పోతోందన్నది చూడండి!

రేవుమనిషి: మీ బాధ గాలి ఒక్కటే కాదు. సరకు పోతే మీ ఇంటి ధర పెరుగుతుంది. నా కొడుకు కాంట్రాక్టు కూలీ. గంగవరంలో పని ఇస్తామని ఒకాయన ఆశపెట్టి మొహం చాటేశాడు.

పాతఊరు: ధర పెరిగితే తప్పా? ఈ దుమ్ములో మా ఇల్లు కొనేవాడు లేడు. అమ్ముకుని పోలేము, ఉండి ఊపిరి పీల్చలేము.

వలపడవ: మీ ఇద్దరికీ పట్టనిది నేను చెబుతాను. బెర్తులు, అంటే ఓడలు ఆగి సరకు దించే చోట్లు, ఖాళీ అయితే ఆ నేల ఎవరిది? హోటళ్లు వస్తాయి, నడక దారులు వస్తాయి. పక్కనే ఉన్న మా చేపల రేవు కంపు కొడుతోందని అప్పుడు మమ్మల్ని లేపుతారు. 2023 నవంబరులో పడవలు తగలబడినప్పుడే మా బతుకు ఎంత పలుచనో చూశాము.

పాతఊరు: అన్నా, ఆ నేల అమ్మకూడదని రాస్తే నేనే మొదటి సంతకం పెడతాను. అయినా బొగ్గు మాత్రం పోవాలి.

రేవుమనిషి: బొగ్గు వెంట వెళ్లేది మా పనే. ముందు ఆ కాగితంలో మా పేర్లు రాయండి, తరువాత సంతకాల సంగతి చూద్దాం.