కొండాపూర్ ఫ్లాట్‌కు బుకింగులు పెరగాలంటే ఏం చేయాలి?

ప్రశ్న: కొండాపూర్‌లోని మా రెండు పడకగదుల ఫ్లాట్‌ను రోజువారీ అద్దెకు ఇస్తున్నాము. వారాంతాల్లో నిండుతోంది గానీ మిగతా రోజుల్లో ఖాళీగానే ఉంటోంది. అద్దె తగ్గించడం తప్ప మార్గం లేదా?

జవాబు 1: తగ్గించకండి. వారం మధ్యలో అక్కడికి వచ్చేవారు ఎక్కువగా హైటెక్ సిటీ కార్యాలయాల పని మీదనో, గచ్చిబౌలి ఆసుపత్రుల్లో చికిత్స కోసమో వస్తారు కనుక, కరెంటు పోయినా ఆగని వైఫై, రాసుకునే బల్ల, లిఫ్టు, వంటగది మీ దగ్గర ఉంటే వాటి ఫొటోలనే ముందు పెట్టండి. సోఫా వెనకాల గోడ బొమ్మలు ఎవరికి కావాలి! రాయదుర్గం మెట్రో స్టేషన్ ఎంత దూరమో కూడా రాయండి.

జవాబు 2: పైవారు చెప్పింది సబబే. అయితే వారానికి మించి ఉండేవారికి కొంత రాయితీ ఇవ్వండి. దుప్పట్లు ఉతికించే ఖర్చు కలిసివస్తుంది. విదేశీ అతిథి దిగితే 24 గంటల్లోగా ఆ వివరాలను విదేశీయుల నమోదు అధికారులకు ఆన్‌లైన్‌లో సమర్పించాలి.

జవాబు 3: అపార్టుమెంటు సంఘం అంగీకారం తీసుకున్నారా? లేకపోతే వాచ్‌మన్ అతిథులను సామానుతో సహా గేటు దగ్గరే ఆపేస్తాడు, మరుసటి రోజే ఒక్క స్టారు రివ్యూ పడుతుంది.