చర్చ: బీమా ఏజెన్సీలో ఫోన్లు చేయడానికి బంధువులను పెట్టుకున్నవారి అనుభవాలు కావాలి

బెజవాడ ఏజెంటు:
నేను 11 ఏళ్లుగా జీవిత బీమా, ఆరోగ్య బీమా పాలసీలు చేయిస్తున్నాను. రెన్యువల్ తేదీలు గుర్తు చేయడానికీ, కొత్తవారికి ఫోన్ చేసి కలిసే సమయం అడగడానికీ నా ఒక్కడి వల్ల కావడం లేదు. డిగ్రీ పూర్తి చేసి ఖాళీగా ఉన్న మా బావమరిదినీ, ఇంటి దగ్గరే ఉండే మా పిన్ని కూతురినీ పెట్టుకోమని ఇంట్లో అందరూ అంటున్నారు. నెల జీతం ఇవ్వడం మంచిదా, పాలసీకి ఇంత అని ఇవ్వడం మంచిదా? పని సరిగా లేకపోతే బంధుత్వం చెడకుండా ఎలా చెప్పాలి? ఏ వేళలో ఫోన్ చేస్తే జనం మాట్లాడతారు?

తణుకు రైతుబిడ్డ:
జీతం సంగతి తరువాత చూద్దురు గాని, ఆ ఫోన్లు ఏ నంబరు నుంచి వెళతాయో ముందు ఆలోచించండి. మా తోడల్లుడి కొడుకు ఎంతో ఉత్సాహంగా మా ఇళ్లలో జరిగిన పెళ్లిళ్ల చదివింపుల పుస్తకాలు ముందు పెట్టుకుని, అందులోని పేర్లకు నంబర్లు సంపాదించి, తన సొంత సిమ్ నుంచి రోజూ యాభై అరవై మందికి ఫోన్ చేశాడు. ప్రచారం కోసం చేసే కాల్స్‌కు 140తో మొదలయ్యే నంబర్లు, పాత ఖాతాదారుల సేవకు 1600తో మొదలయ్యే నంబర్లు విడిగా ఉన్నాయని మాకు అప్పటికి తెలియదు. అక్కర్లేని కాల్స్‌పై ఫిర్యాదులు తీసుకునే 1909 నంబరుకు కొందరు ఫిర్యాదు చేయడంతో అతని ఫోన్ నుంచి బయటికి కాల్స్ వెళ్లడం ఆగిపోయింది. ఫిర్యాదు చేసినవారిలో మా మేనత్తగారి ఇంటివారు కూడా ఉన్నారని తెలిసినప్పుడు కలిగిన బాధ ఇప్పటికీ పోలేదు.

కరీంనగర్ కోడలు:
"ఇంటి దగ్గరే ఉండే పిన్ని కూతురు" అన్న మాట చదివాక రాయకుండా ఉండలేకపోతున్నాను. మా బావగారి ఏజెన్సీకి నేను రెండేళ్లు ఫోన్లు చేశాను. పొద్దున వంట ముగించుకుని పదకొండింటికి కూర్చుంటే పిల్లలు బడి నుంచి వచ్చేదాకా లేచేదాన్ని కాదు. నా మాట విని ఆయనను ఇంటికి రమ్మన్నవారు నెలకు ఇరవై మంది దాకా ఉండేవారు. రెండేళ్లలో దసరాకు వచ్చిన ఒక చీర తప్ప చేతికి ఒక్క రూపాయి రాలేదు. అడిగితే, ఇంటి మనిషికి జీతమేమిటని మా అత్తగారు అన్నారు. ఆ తరువాత నేనే ఏజెంటు పరీక్ష రాసి, నా పేరున సొంత ఏజెంటు కోడ్ తెచ్చుకున్నాను. దానికి పదవ తరగతి చదువు చాలు.

రిటైర్డ్ డీవో:
29 ఏళ్లు డెవలప్‌మెంట్ ఆఫీసరుగా పనిచేసి, రెండు వందల మందికి పైగా ఏజెంట్లను తయారు చేసినవాడిని కాబట్టి ఈ విషయంలో నా మాట నమ్మవచ్చు. ఏజెంటు కావడానికి రాసే ఐసీ 38 పరీక్ష ప్యాసై లైసెన్సు తీసుకోని బంధువు, బోనస్ ఎంత వస్తుందో, ఏ పాలసీ మేలో ఫోన్‌లో చెప్పడం తప్పు. ఏజెంటు కానివారు ఏజెంటు పని చేస్తే 1938 బీమా చట్టం 42వ సెక్షన్ కింద పది వేల రూపాయల వరకు జరిమానా ఉంది. "మా బావగారు మిమ్మల్ని ఎప్పుడు కలవవచ్చు" అని అడగడం దగ్గరే వారు ఆగాలి.

ఖమ్మం మాస్టారు:
డీవో గారూ, మీరు చెప్పే లైసెన్సు ఇప్పుడు లేదు. 2015 సవరణ తరువాత బీమా కంపెనీయే ఏజెంటును నియమిస్తోంది. మా ఆవిడ పేరున కోడ్ ఉంది, సాయంత్రం బడి అయ్యాక పార్టీలతో, అంటే పాలసీ తీసుకునేవారితో, మాట్లాడేది నేను. 12 ఏళ్లలో ఎవరూ అభ్యంతరం చెప్పలేదు.

రిటైర్డ్ డీవో:
లైసెన్సు పోయి నియామక పత్రం వచ్చిన మాట నిజమే, ఆ పదం పాత అలవాటు కొద్దీ రాశాను. కానీ ఆ పత్రం మీ ఆవిడకు ఉంది, మీకు లేదు. పైగా భార్య గానీ కుటుంబ సభ్యులు గానీ నడిపే బీమా ఏజెన్సీ కోసం ఉద్యోగి ప్రచారం చేయడాన్ని కేంద్ర ప్రభుత్వోద్యోగుల 1964 నియమావళిలోని 15వ నియమం ఉల్లంఘనగానే పరిగణిస్తుంది. మీది రాష్ట్ర సర్వీసు అయినా, అలా చేస్తున్నానని నలుగురిలో చెప్పుకోవడం తగదు.

ఖమ్మం మాస్టారు:
మార్చి నెలలో టార్గెట్ పూర్తి కాక మా ఇంటికి వచ్చి, "మీ ఆవిడ పేరున ఏజెన్సీ రాయించండి మాస్టారూ, మిగతాది నేను చూసుకుంటాను" అని బతిమాలినది కూడా ఒక డీవో గారే. అప్పుడు గుర్తుకు రాని నియమాలు రిటైరయ్యాక గుర్తుకు రావడం నాకు చాలా కోపం తెప్పిస్తోంది.

కరీంనగర్ కోడలు:
మాస్టారూ, ఆ కమిషన్‌లో మీ ఆవిడ తన ఇష్టప్రకారం ఖర్చు పెట్టుకునేది ఎంతో చెప్పగలరా?

ఖమ్మం మాస్టారు:
అది మా ఇంటి విషయం.

గుంటూరు వాసి:
మీరందరూ కోడ్ ఎవరిదన్న దాని మీదే వాదించుకుంటున్నారు. మా తమ్ముడు నా తరఫున ఫోన్‌లో అన్న ఒక్క మాట వల్ల నేను మోస్తున్న బరువు చెబుతాను. ఒక పెద్దమనిషి తనకు షుగర్ ఉందని, పాలసీ కోసం నింపే ప్రపోజల్ ఫారంలో అది రాయాలా అని అడిగితే, "మాత్రలతో అదుపులో ఉంటే రాయనక్కరలేదు" అని మా వాడు చెప్పాడు. పాలసీ తీసుకున్న 14 నెలలకు ఆయన పోయారు. ఆసుపత్రి కాగితాల్లో అయిదేళ్ల పాత షుగర్ బయటపడి క్లెయిమ్ తిరస్కరించారు. బీమా చట్టం 45వ సెక్షన్ ప్రకారం మూడేళ్లు దాటాక పాలసీని ప్రశ్నించడానికి వీల్లేదు గాని, ఆ లోపు దాచిన జబ్బు బయటపడితే నామినీ నష్టపోయే ప్రమాదం ఉంది. ఆయన భార్య మా వీధిలోనే ఉంటారు. తమ్ముడిని నేను ఏమీ అనలేకపోయాను, ఎందుకంటే ఏమి చెప్పకూడదో వాడికి ముందుగా చెప్పనిది నేనే. జబ్బుల గురించి ఎవరు ఏమి అడిగినా "అన్నయ్య మాట్లాడతారు" అని ఫోన్ పెట్టేయమని మీ వాళ్లకు మొదటి రోజే చెప్పండి.

నరసరావుపేట ఏజెంటు:
అసలు ప్రశ్నకు వస్తాను. పాలసీకి ఇంత అని మాత్రం ఇవ్వకండి. పాలసీ పత్రం అందాక 30 రోజుల లోపు పార్టీ దాన్ని వెనక్కి ఇస్తే మన కమిషన్ తిరిగి పోతుంది. మేనల్లుడికి అప్పటికే ఇచ్చేసిన డబ్బు ఏ ముఖం పెట్టుకుని అడుగుతాము? పైగా లెక్క పాలసీల మీద నడిస్తే, మొదటి ప్రీమియంలో కొంత మామయ్య కడతాడని వాళ్లే మాట ఇచ్చేస్తారు. మా వాడు ఇద్దరికి అలా చెప్పాడు. 41వ సెక్షన్ కింద ఆ రాయితీకి పది లక్షల వరకు జరిమానా పడవచ్చని తెలిసి, ఆ రెండు ఫారాలూ నేనే చించేశాను.

బెజవాడ ఏజెంటు:
అందరికీ ధన్యవాదాలు. పిన్ని కూతురికి నెల జీతం ఆమె ఖాతాలోనే వేస్తాను, పరీక్ష ఫీజు కూడా నేనే కడతాను. ఆమె సొంత కోడ్ తీసుకుంటానంటే అడ్డు చెప్పను. బావమరిది చేత ప్రస్తుతానికి పాత పార్టీల రెన్యువల్ తేదీలు గుర్తు చేయించడం వరకే చేస్తాను. 1600 నంబరు నావంటి ఒంటరి ఏజెంటుకు ఇస్తారో, కంపెనీ ద్వారానే వాడుకోవాలో బ్రాంచిలో అడిగి వచ్చి ఇక్కడ రాస్తాను. గుంటూరు వారూ, ఆ అమ్మగారు బీమా ఫిర్యాదులు విచారించే అంబుడ్స్‌మన్‌కు దరఖాస్తు పెట్టారా?

గుంటూరు వాసి:
పెట్టలేదు. తిరస్కరించిన ఏడాదిలోపు పెట్టాలట, ఇంకా రెండు నెలలు ఉంది. రేపు కాగితాలు తీసుకుని నేనే వారి ఇంటికి వెళతాను.