గుహకు తలుపు పెడితే గుహలోని క్రేఫిష్ బతుకుతుందా?

ప్రశ్న: యలహంక వాసి

అందరికీ నమస్కారం. బెంగళూరులో ఉంటున్న మా తెలుగు మిత్రబృందం వీలు దొరికినప్పుడల్లా తాడిపత్రి మీదుగా బెలుం గుహలకు వెళ్లి వస్తూ ఉంటుంది. గుహల నీటిలో తప్ప మరెక్కడా బతకలేని ప్రాణులు అక్కడ ఉన్నాయని తెలిసినప్పటి నుంచి, వాటి కోసం ఏదైనా చేయాలనే ఆలోచన మాలో బలపడింది. సందర్శకులు ఇంకా అడుగుపెట్టని లోపలి భాగాలకు ఇనుప తలుపులు బిగించాలని కోరుతూ పర్యాటక శాఖకు ఒక వినతిపత్రం ఇవ్వాలని అనుకుంటున్నాము.

అందులో ఉదాహరణగా చూపడానికి అమెరికాలోని అలబామా రాష్ట్రంలో, హంట్స్‌విల్ నగరంలో ఉన్న షెల్టా గుహను ఎంచుకున్నాను. ఆర్కోనెక్టీస్ షెల్టే అనే క్రేఫిష్ (మంచినీటిలో బతికే, రొయ్యను పోలిన పెంకు ప్రాణి) ప్రపంచం మొత్తంలో ఆ ఒక్క గుహలోనే ఉంటుంది. 1988 తరువాత అది ఎవరికీ కనిపించకపోవడంతో అంతరించిపోయిందేమోనని భయపడ్డారు. 2019లో ఒక ఆడది, 2020లో ఒక మగది దొరికాయి. ఆ గుహకు 1968లోనే తలుపు పెట్టారట. ఆ తలుపు వల్లనే ప్రాణి నిలిచిందని చెప్పవచ్చా? మూడు దశాబ్దాలు కనిపించని ప్రాణి అంతకాలం ఎక్కడ ఉంది? రెండంటే రెండే దొరికిన జాతిని కాపాడుకోగలమన్న ఆశకు ఆధారం ఉందా? విషయం తెలిసినవారు వివరంగా రాయగలరని ఆశిస్తున్నాను.

జవాబు: జంతుశాస్త్ర అధ్యాపకురాలు, జయనగర్

యలహంక వాసి గారికి నమస్కారం. మీ చివరి రెండు ప్రశ్నలకు నేను జవాబు రాస్తాను. తలుపు సంగతి నీటి శాస్త్రం తెలిసినవారు చెబితే బాగుంటుంది.

గుహ నీటి క్రస్టేషియన్ల (రొయ్యలు, పీతల వంటి పెంకు ప్రాణుల) గురించి రాసేవారు సాధారణంగా కళ్లు, రంగు లేకపోవడం దగ్గరే ఆగిపోతారు. నిజానికి ఆ ప్రాణుల బతుకును మలిచింది చీకటి కన్నా ఎక్కువగా ఆకలి. సూర్యరశ్మి చేరని చోట పచ్చని మొక్క మొలవదు కనుక, వరదతో లోపలికి కొట్టుకొచ్చిన ఆకులు, గబ్బిలాల రెట్ట, రాళ్ల మీద, బురదలో పెరిగే బాక్టీరియా పొర, వీటి మీదనే ఆ లోకమంతా ఆధారపడుతుంది. అంత కొద్దిపాటి తిండితో నెట్టుకురావడానికి అవి శక్తిని చాలా పొదుపుగా వాడతాయి, మెల్లగా పెరుగుతాయి, ఆలస్యంగా పిల్లల తల్లులవుతాయి, పెట్టే గుడ్లు తక్కువైనా ఒక్కో గుడ్డులో ఎక్కువ పోషణను నింపుతాయి. పొడవైన మీసాలతో నీటి కదలికనూ వాసననూ పసిగట్టి ఆహారాన్ని వెతుక్కుంటాయి. ఏరులోని సాధారణ క్రేఫిష్‌ల సంఖ్య ఒక చెడ్డ సంవత్సరంలో సగానికి పడిపోయినా రెండు మూడేళ్లలో కోలుకోవచ్చు. గుహ జాతికి అలాంటి వెసులుబాటు లేదు.

ఆయుష్షు విషయంలో ఒక జాగ్రత్త చెప్పాలి. అదే షెల్టా గుహలో ఉండే మరొక జాతి, ఆర్కోనెక్టీస్ ఆస్ట్రాలిస్, 176 ఏళ్ల వరకు జీవించగలదని 1975 నాటి ఒక పరిశోధన ఆధారంగా చాలాకాలం ప్రచారంలో ఉండేది. పెంకు విడిచి పెరిగే ప్రాణిలో, చేపల చెవి ఎముకల్లో ఉండే వలయాల వంటి గుర్తులతో వయసు కచ్చితంగా తేల్చడం కష్టం. ప్రాణికి గుర్తు వేసి వదిలి, మళ్లీ పట్టుకుని, ఎంత పెరిగిందో కొలిచి లెక్క కట్టాలి. అలా జరిపి 2012లో ప్రచురించిన అధ్యయనం ఆ జాతి ఆయుష్షు సుమారు 22 ఏళ్లకు మించదని తేల్చింది. మీ వినతిపత్రంలో దయచేసి 176 అన్న అంకె రానివ్వకండి.

ఈ రెండో అంకె మీ ప్రశ్నకు ఎంతో ఉపకరిస్తుంది. షెల్టే ఆయుష్షు కూడా దాదాపు అంతే అనుకుంటే, 1988కి ముందు పుట్టిన ప్రాణి 2019 దాకా బతికి ఉండే అవకాశం లేదు. అంటే ఎవరి కంటా పడని ఆ మూడు దశాబ్దాలలో అవి జత కట్టాయి, గుడ్లు పెట్టాయి, కనీసం ఒక కొత్త తరమైనా ఎదిగింది. ఇది నేను ఊహించి చెబుతున్న మాటే అయినా, ఆశ పెట్టుకోవడానికి గట్టి కారణమని నమ్ముతున్నాను. మనిషి దూరగలిగిన గుహ ఆ నీటి ఆవాసంలో చిన్న భాగం మాత్రమే. దాని చుట్టూ వేలు పట్టనంత సన్నని పగుళ్లలోకీ నీరు పాకి ఉంటుంది. గుడ్లు మోసే ఆడ క్రేఫిష్‌లు అలాంటి సందుల్లోనే దాగి ఉంటాయి కాబట్టి సర్వేలలో చాలా అరుదుగా దొరుకుతాయి.

అయినా సంఖ్యలు కలవరపెట్టేవే. 1963 నుంచి 1975 వరకు జరిగిన సర్వేలలో ధ్రువపడిన షెల్టే క్రేఫిష్‌లు 115. ఆ తరువాత ఇప్పటిదాకా 1988లో ఒకటి, ఈమధ్య దొరికిన రెండు, మొత్తం మూడే.

జవాబు: భూగర్భజలాల ఇంజినీరు, హెబ్బాళ

అధ్యాపకురాలు గారు నాకు వదిలిన భాగాన్ని రాస్తున్నాను. షెల్టా గుహను తలుపుకు అనుకూలమైన ఉదాహరణగా చూపడం సరికాదు. ఆ చరిత్ర దాదాపు అందుకు వ్యతిరేకమైన పాఠమే చెబుతుంది.

హంట్స్‌విల్ నగరం వేగంగా విస్తరిస్తున్న రోజుల్లో, గుహ పాడవకూడదన్న సదుద్దేశంతో నేషనల్ స్పెలియోలాజికల్ సొసైటీ అనే గుహాన్వేషకుల సంఘం 1967లో ఆ స్థలాన్ని కొని, మరుసటి ఏడాది తలుపు పెట్టించింది. గుహలో గ్రే బ్యాట్ జాతి గబ్బిలాలు పెద్ద సంఖ్యలో ఉండేవి. ఆ తలుపు నిర్మాణం వాటి రాకపోకలకు అనువుగా లేకపోవడంతో సుమారు రెండేళ్లలోనే అవి గుహను విడిచిపోయాయి. గబ్బిలాలతో పాటే రెట్ట పోయింది. రెట్టతో పాటే నీటిలోని ప్రాణులకు అందే ఆహారంలో ముఖ్యమైన భాగం పోయింది. 1981లో అడ్డు కడ్డీలతో గబ్బిలాలు ఎగిరి వెళ్లగలిగే కొత్త తలుపు అమర్చినా ఆ గుంపు తిరిగి రాలేదు.

అదే గుహలో అలబామా గుహ రొయ్య అనే మరో ప్రాణి ఉండేది. లోపలి అవయవాలు బయటికి కనిపించేంత పారదర్శకమైన చిన్న రొయ్య అది. షెల్టాలో 1973 తరువాత అది కనిపించలేదు. 1988లో అమెరికా ప్రభుత్వం దాన్ని అంతరించే ప్రమాదమున్న జాతిగా ప్రకటించింది. రెడ్‌స్టోన్ ఆర్సెనల్ అనే సైనిక స్థావరంలోని బాబ్‌క్యాట్ గుహ వంటి కొన్ని చోట్ల అది ఇంకా ఉండటం వల్ల జాతి నిలిచింది.

అయితే నేరమంతా తలుపు మీదనే మోపడం కూడా న్యాయం కాదు. అవే దశాబ్దాలలో గుహ పైభాగమంతా ఇళ్లు, రోడ్లతో నిండిపోయింది, కింది నీరు కలుషితమైంది. సున్నపురాతి నేలలో ఇది ఎందుకంత ప్రమాదమో కొంచెం వివరించాలి. ఇసుక నేలలో ఇంకే నీరు రేణువుల మధ్య నెమ్మదిగా వడకట్టుకుంటూ దిగుతుంది. సున్నపురాయిని నీరే కరిగించి కాలువలు చేసుకుంటుంది కనుక, ఒక కుంగుడు గుంటలో పడిన మురుగు ఏ వడపోతా లేకుండా గంటలలో లేదా రోజులలో కిలోమీటర్ల దూరంలోని గుహకు చేరగలదు. పైగా కీటకాల కోసం తయారుచేసిన పురుగుమందులు వాటికి దగ్గరి బంధువులైన క్రస్టేషియన్లకు చాలా చిన్న మోతాదులోనే ప్రాణాంతకమవుతాయి. కాబట్టి గుహ ప్రాణికి హద్దు గుహ గోడ కాదు. ఆ గుహకు నీరు ఎంత మేర నేల నుంచి వస్తుందో అంత మేరా దాని ఇల్లే.

నీటిని బాగుచేస్తే ప్రాణులు తిరిగి వస్తాయనడానికి కెంటకీ రాష్ట్రంలోని హిడెన్ రివర్ గుహ మంచి సాక్ష్యం. పైనున్న హార్స్ కేవ్ పట్టణపు మురుగు, పాల పరిశ్రమ వ్యర్థాలు గుహలోకి చేరి, దుర్వాసన భరించలేక 1943లో దాన్ని మూసివేశారు. 1989లో కొత్త మురుగుశుద్ధి వ్యవస్థ పనిచేయడం మొదలయ్యాక, గుడ్డి చేపలు, క్రేఫిష్‌లు క్రమంగా ఆ నీటిలోకి తిరిగి చేరుకున్నాయి.

జవాబు: కొలిమిగుండ్ల నుంచి వచ్చి మారతహళ్లిలో ఉంటున్నవాణ్ణి

మాది బెలుం పక్క ఊరే కాబట్టి ఇక్కడ రాయకుండా ఉండలేకపోతున్నాను. అలబామా క్రేఫిష్ కోసం ఇంతగా ఆలోచిస్తున్న మీరు, మన గుహలోని ప్రాణి పేరును వినతిపత్రంలో మొదటి పంక్తిలోనే రాయాలని నా కోరిక. దాని పేరు ఆంధ్రకాయిడిస్ గెబావెరి. ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయానికి చెందిన వై. రంగారెడ్డి గారు, షేక్ షాబుద్దీన్ గారు, ఆస్ట్రేలియన్ మ్యూజియానికి చెందిన జార్జ్ విల్సన్ గారితో కలిసి 2015లో దాన్ని శాస్త్రలోకానికి పరిచయం చేశారు. 1982, 83 ప్రాంతంలో బెలుం గుహలను కొలిచి పటం గీసిన జర్మన్ అన్వేషకుడు గెబావర్ పేరు దానికి పెట్టారు.

ఇది క్రేఫిష్ కాదు, ఐసోపాడ్ అనే మరో రకం క్రస్టేషియన్. దీని కుటుంబానికి చెందిన ఇతర జీవులు టాస్మేనియాలో, పశ్చిమ ఆస్ట్రేలియాలో ఉన్నాయి. పిల్లలను తల్లి పొట్ట కింది సంచిలోనే పెంచే ఈ మంచినీటి ప్రాణులకు సముద్రం దాటే దారి లేదు. అంటే సుమారు 13 కోట్ల ఏళ్ల క్రితం భారతదేశం గోండ్వానా ఖండం నుంచి విడిపోక ముందే వీటి పూర్వీకులు ఈ నేల నీటిలో ఉండి ఉండాలి. మా చేల కింద అంతటి చరిత్ర నడుస్తోందని చిన్నప్పుడు మాకు ఎవరూ చెప్పలేదు.

గుహ పొడవు 3,229 మీటర్లు, సందర్శకులకు తెరిచినది అందులో సగం లోపే. మనుషుల రాక వల్ల నష్టం లేదనను. దీపాల వెలుతురుకు రాళ్ల మీద నాచు పుడుతుంది. కానీ పెద్ద ప్రమాదం పైనే ఉంది. మా ప్రాంతమంతా నాపరాళ్ల గనులు, పాలిష్ యూనిట్లు, సిమెంటు కోసం సున్నపురాయి తవ్వకాలు, శనగ, పత్తి చేలు, ఏటికేడు లోతుకు పోతున్న బోర్లు. గుహ ద్వారమే నేలలోకి దిగిన బావి వంటి రంధ్రం. అలాంటి రంధ్రంలోకి పాలిష్ బురద వదిలితే ఎక్కడికి పోతుందో ఇంజినీరు గారు పైన రాశారు. అయితే గనులు మూసేయమని మాత్రం రాయకండి. నాపరాయి మీద మా ఊళ్లలో ఎన్నో కుటుంబాలు ఆధారపడి ఉన్నాయి, వారిని ఎదురు నిలబెట్టుకుంటే ఈ పని సాగదు.

ఇంకొక మాట. గుహలో అన్నిటికంటే లోతైన చోటైన పాతాళగంగ నీరు బెలుం గ్రామంలోని బావికి చేరుతుందని మా పెద్దలు నమ్ముతారు. దాన్ని పరీక్షించే పద్ధతి ఏదైనా ఉందా?

జవాబు: భూగర్భజలాల ఇంజినీరు, హెబ్బాళ

ఉంది. హానిలేని మెరిసే రంగును కొద్ది మోతాదులో నీటిలో కలిపి, అది ఏ బావిలో, ఏ ఊటలో, ఎన్ని రోజులకు బయటపడుతుందో గమనిస్తారు. సున్నపురాతి ప్రాంతాలలో గుహకు నీరు వచ్చే మేరను గుర్తించేది ప్రధానంగా ఈ పద్ధతితోనే. మీ పెద్దల నమ్మకం అలాంటి పరీక్షను ఎక్కడ మొదలుపెట్టాలో చెబుతోంది. కాకపోతే జనం తాగే బావులున్న చోట పంచాయతీకి ముందే తెలియజేసి, అనుమతితో, భూగర్భజల శాఖ చేతుల మీదుగానే జరగాలి.

జవాబు: జంతుశాస్త్ర అధ్యాపకురాలు, జయనగర్

చట్టపరమైన దారి ఒకటి సూచిస్తాను. జీవవైవిధ్య చట్టం, 2002లోని 37వ సెక్షన్ ప్రకారం స్థానిక సంస్థలను సంప్రదించి రాష్ట్ర ప్రభుత్వం ఒక చోటును జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించవచ్చు. దేశంలో మొదటగా 2007లో ఆ గుర్తింపు పొందినది మనకు దగ్గరలోనే, దేవనహళ్లి వద్ద ఉన్న నల్లూరు చింతతోపు. బెలుం విషయంలో అడగవలసింది గుహ ఒక్కదానికే కాదు, రంగు పరీక్షలో తేలిన నేల మేరకు కూడా.

యలహంక వాసి

అందరికీ కృతజ్ఞతలు. వినతిపత్రాన్ని తిరగరాస్తున్నాను. ఆంధ్రకాయిడిస్ పేరు మొదట వస్తుంది. గుహకు నీరు వచ్చే మేరను గుర్తించడం, పాలిష్ బురదను కుంగుడు గుంటల్లోకి వదలకుండా వేరే చోటు చూపించడం, గుహ నీటిమట్టాన్నీ నాణ్యతనూ ఏడాది పొడవునా కొలవడం అన్న మూడు కోరికలు ఉంటాయి. ఏ భాగానికైనా తలుపు అవసరమని శాఖ భావిస్తే, అక్కడ గబ్బిలాలు ఉన్నాయో లేదో ముందు సర్వే చేసి, ఉంటే అడ్డు కడ్డీల నమూనానే వాడాలని రాస్తాను. కొలిమిగుండ్ల వారు పంచాయతీ పెద్దలతో మాట్లాడడానికి తోడు రాగలరా? చిత్తుప్రతి ఆదివారం సాయంత్రానికి ఇక్కడే పెడతాను. ఇంజినీరు గారు నీటి పరీక్షల భాగాన్ని సరిచూడాలని మనవి.